ఎడమకాలికి పాఠం చెప్పిన అయ్యవారు
(సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి జీవిత విశేషములు)



ఇటువంటి సంచికలలో బోధకుల, వైద్యుల, సంఘ పెద్దల జీవిత చరిత్రలు చదవడం మనకు అలవాటు. నేను ఒక బడి అయ్యవారిని గురించి వ్రాస్తున్నాను. ఆయన మన సంఘస్థులు కారు, మన జిల్లావారు కూడా కారు. హైదరాబాదులో పుట్టి, అక్కడి పిల్లలకే పాఠాలు చెప్పి, 53 ఏళ్లకే కన్నుమూసిన ముస్లిం సోదరుడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆసియా క్రీడలలో భారతదేశం ఫుట్‌బాల్ ఆటకు స్వర్ణ పతకం గెలిచింది రెండే రెండుసార్లు. ఆ రెండుసార్లూ జట్టును తయారుచేసిన శిక్షకులు ఈయనే.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల యువకులకు క్రికెట్ ఆటగాళ్ల పేర్లన్నీ కంఠస్థమే. రహీమ్ గారి పేరు చెబితే మాత్రం చాలామంది తెల్లమొగం వేస్తారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చాక కొందరికి తెలిసింది. అయితే సినిమా దారి సినిమాది. జరిగిన సంగతులను వరుసగా ఒకచోట చెప్పుకుంటే మన పిల్లలకు మేలు జరుగుతుందని తోచింది.

విద్యాభ్యాసము, ఉపాధ్యాయ వృత్తి

రహీమ్ గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పట్లో ఆ నగరంలో ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు కళాశాల మైదానమే. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీ ఆవరణలో ఆడి ఆరితేరిన కుర్రవాళ్లే ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులోకి వెళ్లేవారు. రహీమ్ గారు కూడా ఆ దారినే నడిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆడారు, అక్కడే ఆర్ట్స్ పట్టా పుచ్చుకున్నారు. బంతిని తన్నడంతోబాటు ఆటను గురించి ఆలోచించడం కూడా ఆయనకు కళాశాల రోజుల్లోనే అలవడింది.

చదువు ముగిశాక ఆయన ఎన్నుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడులలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. దేశానికి పేరు తెచ్చిన శిక్షకుడు బెల్లు కొడితే తరగతిలోకి వెళ్లి హాజరు పిలిచే మనిషి అన్న సంగతి మనం మరచిపోరాదు. ఆయన శిక్షణలోని ఓపిక, క్రమశిక్షణ, అర్థమయ్యేదాకా చెప్పే స్వభావం, అన్నీ బడి నుండి వచ్చినవే.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. నాటి నుండి పగలు బడి, సాయంత్రం మైదానం, రాత్రి సంఘం ఉత్తరాలు, లెక్కలు. ఇరవై సంవత్సరాలు ఆయన జీవితం ఈ మూడింటి మధ్యనే గడిచింది.

ఆయన బోధనా పద్ధతి

ఆ కాలపు ఆట తీరు తెలిస్తేగాని రహీమ్ గారి గొప్పతనం బోధపడదు. అప్పుడు మన దేశంలో చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్లతో ఆడేవారు. బంతి దొరికినవాడు ఇద్దరినో ముగ్గురినో తప్పించుకుంటూ తానొక్కడే ముందుకు తీసుకుపోవాలని చూసేవాడు. జనం చప్పట్లు కొట్టేది కూడా దానికే. అలా ఆడితే ఒకడికి పేరు వస్తుంది, జట్టు ఓడిపోతుంది. ఎదుటివారిలో నలుగురు కలిసి వచ్చి బంతిని లాక్కుంటే ఆ ఒక్కడు చేయగలిగింది ఏమీ ఉండదు.

దీనికి రహీమ్ గారు ఉపన్యాసాలు ఇవ్వలేదు. పిల్లలకు, యువకులకు కొత్తరకం పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని తప్పించుకుంటూ తీసుకుపోవడం నిషేధం. బంతి అందగానే తోటివాడికి అందించి, తాను ఖాళీ స్థలంలోకి పరుగెత్తాలి. అప్పుడు ప్రతివాడూ తల ఎత్తి తనవాళ్లు ఎక్కడున్నారో చూడక తప్పదు. ఇంకొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. మనలో ఎక్కువమందికి కుడికాలే వాటం. కనుక ఆ పోటీలో వారంతా ఎడమకాలితోనే బంతి తన్నాలి. మొదట్లో తడబడినవారే కొన్నాళ్లకు రెండు కాళ్లతోనూ సమంగా ఆడడం నేర్చుకునేవారు. ఒకే కాలితో ఆడేవాడిని ఎదుటివాడు ఒకవైపు కాచుకుంటే చాలు. రెండు కాళ్లూ వచ్చినవాడు ఎటు తిరుగుతాడో ఎవరికి తెలుస్తుంది? పొట్టివాళ్లకు కూడా అవకాశం రావాలని ఎత్తును బట్టి విడిగా పోటీలు నడిపారు.

ఈ పోటీలకు ఖర్చేమీ లేదు. ఒక బంతి, కొంత నేల, పట్టుదలగల ఒక అయ్యవారు ఉంటే సరిపోతుంది. బలమున్న కాలికి బలం చేకూర్చడం ఎవరైనా చేస్తారు. బలహీనమైన కాలిని పట్టించుకోవడమే రహీమ్ గారి విద్య. మనుషుల విషయంలో కూడా ఆయన ఈ పద్ధతినే పాటించారని ముందుముందు చూస్తాము.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ నగరపు పోలీసు జట్టు దేశమంతటా మారుమోగింది. 1950లో రహీమ్ గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. నూర్ మహమ్మద్, జమాల్, లాయక్, మొయిన్ వంటి ఆటగాళ్లు అందులో ఉన్నారు. పోలీసు ఉద్యోగం వారికి జీతమిచ్చింది, రహీమ్ గారు వారికి ఆట నేర్పారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని లోకం అనుకునేది. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు, బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పు దేశంలోకెల్లా పాత పోటీలు. స్వాతంత్ర్యం వచ్చాక డ్యూరాండ్ పోటీ మళ్లీ ప్రారంభమైన 1950లో హైదరాబాదు పోలీసులు ఢిల్లీలో కలకత్తావారి ప్రఖ్యాత మోహన్ బగాన్ జట్టును ఫైనల్లో ఓడించి కప్పు పట్టుకొచ్చారు. అదే సంవత్సరం రోవర్స్ కప్పు కూడా గెలిచారు. అంతటితో ఆగలేదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు వారిదే.

1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు గెలిచింది. దక్షిణాది నుండి వచ్చిన జట్టును చూసి కలకత్తా, బొంబాయి వారు పాఠాలు నేర్చుకునే కాలం వచ్చింది.

ఢిల్లీ విజయము, హెల్సింకి గుణపాఠము

1951 మార్చి నెలలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టును రహీమ్ గారికి అప్పగించారు. కెప్టెన్ శైలేన్ మన్నా. ఇండోనేషియాను 3–0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3–0తో ఓడించి మనవారు ఫైనల్ చేరారు. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరాన్ ఓడిపోయింది. కొత్తగా స్వతంత్రమైన దేశానికి అది పండుగ దినము.

మరుసటి ఏడే ఆ సంతోషానికి గండి పడింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. చలిదేశం, జారుడు నేల, మనవారిలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. ఉత్తకాళ్లతో ఆడడం మన ప్రత్యేకత అని గొప్పలు చెప్పుకున్నవారికి అది చేదు మందు. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

గెలిచినప్పుడు మనిషి గుణం తెలియదు, ఓడినప్పుడే తెలుస్తుంది. పది గోళ్లు తిన్న జట్టు శిక్షకుడు అవమానంతో తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. రహీమ్ గారు తప్పుకోలేదు. తిరిగి వచ్చి బడిలోను, మైదానంలోను తన పని తాను చేసుకున్నారు. ఐరోపా జట్లు ఎలా ఆడుతున్నాయో శ్రద్ధగా గమనించారు. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీ మైదానంలోనే 6–3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. ముందు వరుస మధ్యలో ఉండే ఆటగాడిని కొంచెం వెనక్కు లాగి, అతడిని కాచుకునేవాడిని అయోమయంలో పడేయడం వారి ఎత్తుగడ. రహీమ్ గారు ఆ ఎత్తును మన ఆటగాళ్ల శక్తికి తగినట్టు మలచుకున్నారు.

మెల్‌బోర్న్, రోమ్

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించింది. అదే నెలలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. రహీమ్ గారు తీసుకువెళ్లిన జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదుల బిడ్డలు ఎందరో ఉన్నారు. పీటర్ తంగరాజ్, అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, తులసీదాస్ బలరామ్ వారిలో కొందరు. కెప్టెన్ సమర్ బెనర్జీ బెంగాల్ వారు. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వారి గడ్డమీదే 4–2తో ఓడించారు. అందులో మూడు గోళ్లు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్స్‌లో ఒకే ఆటలో మూడు గోళ్లు కొట్టిన మొదటి ఆసియా వాసి ఆయనే. ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోలు మనవారిదే. చివరకు 4–1తో ఓడిపోయినా, నాలుగేళ్ల క్రితం 10–1తో ఓడిన జట్టు ఇదేనా అని చూసినవారు ఆశ్చర్యపోయారు. కాంస్యం కోసం బల్గేరియాతో జరిగిన ఆటలో కూడా ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చారు. పతకం రాలేదు గాని, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకంటే పైకి మరెన్నడూ పోలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ కెప్టెన్. హంగేరీ చేతిలో 2–1తో మాత్రమే ఓడి, ఫ్రాన్సును 1–1తో నిలువరించి, పెరూ చేతిలో ఓడి మనవారు వెనుదిరిగారు. ఆ హంగేరీ జట్టే ఆ క్రీడలలో కాంస్యం గెలిచింది. ఐరోపా దేశాలకు మనం ఎంత దగ్గరగా వచ్చామో ఈ ఫలితాలే చెబుతాయి.

జకార్తా – 1962 సెప్టెంబరు 4

ఇక రహీమ్ గారి జీవితంలో శిఖరం వంటి ఘట్టానికి వస్తున్నాను. 1962 ఆసియా క్రీడలకు జకార్తా బయలుదేరే నాటికే ఆయన ఆరోగ్యం పాడైపోయింది. ఊపిరితిత్తులను క్యాన్సరు తినేస్తున్నది. దగ్గుతూ, ఆయాసపడుతూనే ఆటగాళ్లను తయారుచేశారు. కెప్టెన్ చునీ గోస్వామి.

ఆరంభమే అపశకునంలా ఉంది. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించింది. థాయిలాండ్‌ను 4–1తో గెలిచినా, ఆ ఆటలో మన గోలుకు గోడలా నిలబడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జపాన్‌ను 2–0తో ఓడించి మనవారు సెమీఫైనల్ చేరారు.

ఇంతలో మైదానం బయట గాలి మారింది. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ప్రవేశం నిరాకరించింది. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన మన దేశస్థుడు జి.డి. సోంధీ దానిని బహిరంగంగా తప్పుపట్టారు. దానితో జకార్తా ప్రజల కోపం భారతీయులందరి మీదకు మళ్లింది. ఫైనల్‌కు ముందు రోజు ఒక గుంపు భారత రాయబార కార్యాలయంపై దాడి చేసింది. మన ఆటగాళ్లు బయటికి రావడానికే భయపడే స్థితి.

ఇటువంటి వేళ రహీమ్ గారి ముందున్న చిక్కులు చూడండి. నమ్మకమైన బ్యాక్ ఆటగాడి తలకు కుట్లు ఉన్నాయి. అనుభవమున్న గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం వలన ముందరి ఆటలలో దిగలేదు. అతడి బదులు ప్రద్యుత్ బర్మన్ బాగానే ఆడుతున్నాడు. మరొకరైతే గాయపడినవాడిని పక్కన కూర్చోబెట్టేవారు. రహీమ్ గారు జర్నైల్‌ను రక్షణ వరుస నుండి తీసి, ముందు వరుస మధ్యలో గోళ్లు కొట్టే స్థానంలో నిలబెట్టారు. అతడి స్థానాన్ని అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్లో మనవారు 3–2తో గెలిచారు. అందులో ఒక గోలు జర్నైల్‌దే. ఫైనల్‌కు మాత్రం కొరియన్లు ఎత్తుగా వేసే బంతులను అందుకోగల పొడగరి కావాలని తంగరాజ్‌ను తిరిగి దింపారు. బలహీనమైన కాలిని పోటీలో దింపిన అయ్యవారు, బలహీనంగా ఉన్న మనిషిని వదిలేస్తారా?

ఫైనల్ ముందటి రాత్రి ఆయన ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక కానుక కావాలనీ, మరునాటి స్వర్ణ పతకమే ఆ కానుక అనీ అడిగినట్లు ఆ జట్టువారు ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. ఆయన అడిగినది తన ఆఖరి కోరిక అని వారికి లోలోపల తెలుసు.

సెప్టెంబరు 4న సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది జనం. మన జాతీయ గీతం వినబడనంతగా అరుపులు, ఎగతాళి. ఆ మూకలో మన పక్షాన కేకలు వేసిన ఒక చిన్న గుంపు ఉన్నది. అది ముందురోజే హాకీ ఫైనల్లో మనలను ఓడించిన పాకిస్తాన్ జట్టు. ఈ సంగతిని మన ఆటగాళ్లు కృతజ్ఞతతో పదే పదే తలచుకున్నారు.

బరిలో దిగిన పదకొండు మంది వీరు: తంగరాజ్, చంద్రశేఖర్, అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్, ప్రశాంత సిన్హా, ఫ్రాంకో, పి.కె. బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, చునీ గోస్వామి, బలరామ్. వారిలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, సిక్కులున్నారు, క్రైస్తవులున్నారు. బెంగాలు, పంజాబు, కేరళ, గోవా, హైదరాబాదు అన్నీ ఉన్నాయి. తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరామ్ మన జంటనగరాల బిడ్డలు.

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు కొట్టారు. మూడు నిమిషాలు గడిచాయో లేదో, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టారు. మైదానం ఒక్కసారిగా మూగబోయింది. అక్కడి నుండి కొరియన్లు అలలు అలలుగా మీదపడ్డారు. తంగరాజ్, అరుణ్ ఘోష్ వంటివారు అడ్డుపడి కాచారు. 85వ నిమిషంలో కొరియా ఒక గోలు తిరిగి కొట్టింది. మిగిలిన అయిదు నిమిషాలు మనవారికి అయిదు గంటలుగా తోచి ఉంటాయి. చివరి ఈల మోగేసరికి 2–1. మొదటి ఆటలో మనలను ఓడించిన జట్టునే చివరి ఆటలో ఓడించాము. అయ్యవారు అడిగిన కానుక అందింది.

చివరి దినములు

జకార్తా నుండి వచ్చిన తరువాత రహీమ్ గారు ఎంతోకాలం బ్రతకలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న హైదరాబాదులో మరణించారు. అప్పటికి ఆయనకు 54వ ఏడు ఇంకా నిండలేదు. దేశంలో ఆటల శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఏర్పడింది 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏళ్లకు. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీమ్ గారు 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు. తండ్రిగారి పద్ధతులను, జ్ఞాపకాలను తరువాతి తరాలకు చెబుతూ 2021లో ఆయన కూడా కాలం చేశారు.

రహీమ్ గారు నాటిన చెట్టు కొన్నేళ్లు ఫలాలిచ్చింది. 1965–66 సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలుచుకున్నది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదీ అయిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా మన జట్టు కాంస్యం తెచ్చింది. ఆ పైన చెట్టు ఎండిపోయింది. 2023 హాంగ్‌జౌ క్రీడల వరకు చూసినా ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. సంతోష్ ట్రోఫీ కూడా ఆంధ్ర గడ్డకు మళ్లీ చేరలేదు.

మనము ఆలోచించవలసినది

ఎందుకిలా జరిగింది? రహీమ్ గారి వంటివారు మళ్లీ పుట్టలేదని అనడం తేలిక. కాని ఆయన ఆకాశం నుండి ఊడిపడలేదు. ఒక కళాశాల మైదానం ఆయనను ఆటగాడిని చేసింది. నాలుగు బడులు ఆయనకు జీతమిచ్చి, పిల్లలను చేతికిచ్చాయి. వీధుల్లో, వాడల్లో పోటీలు జరిగేవి. ఆ మైదానాలు చిక్కిపోయి, బడిలో ఆటల గంట లెక్కల గంటగా మారిపోయిన తరువాత, పైన ఎంత ధనం కుమ్మరించినా క్రింద వేరుకు నీరందదు. ఒక్క మనిషి భుజాల మీద నిలబడిన పని ఆ మనిషితోనే కూలిపోతుంది. ఆయన చేసిన పనిని వందమంది అయ్యవార్లు తలా కొంచెం పంచుకొని ఉంటే ఈ చరిత్ర వేరుగా ఉండేది.

పెద్దలు మనకు విడిచిపోయిన ఆస్తులలో బడి ఆవరణలు, ఆటస్థలాలు కూడా ఉన్నాయి. అద్దె కోసమో, గదుల కోసమో ఆ నేలను కొంచెం కొంచెంగా మింగివేయాలన్న ఆలోచన కమిటీలలో వచ్చినప్పుడు, ఈ బడి అయ్యవారి జీవితాన్ని ఒకసారి తలచుకోమని నా విన్నపము. మన ఉపాధ్యాయులు నెలకు ఒక్క శనివారమైనా ఆయన పెట్టిన పోటీలను మన బడులలో పెట్టవచ్చు. ఒక వారం బంతిని ఎవరూ తన దగ్గర అట్టిపెట్టుకోరాదు. మరొక వారం అందరూ ఎడమకాలితోనే ఆడాలి. తరగతిలో వెనుక బల్లమీద కూర్చునే పిల్లవాడిని ఆ రోజు ముందు వరుసలో నిలబెట్టి చూడండి. పతకాలు వచ్చినా రాకపోయినా, తోటివాడికి బంతి అందించడం నేర్చిన పిల్లలు మన మధ్య పెరుగుతారు.